ఉత్తరపాడాలో ఒక రాగిబిళ్ల

హౌరా స్టేషనులో బర్ధమాను వైపు పోవు లోకలు రైలెక్కినచో లిలువా, బేలూరు, బాలీ స్టేషనులు దాటగానే ఉత్తరపాడా వచ్చును. ఆ తరువాతి స్టేషను పేరు హింద్ మోటార్. అది ఊరి పేరు కాదు, దేవుని పేరును కాదు; కార్లు చేసిన కర్మాగారము పేరు. అట్టి పేరుగల స్టేషనును మేము మఱెక్కడను చూచియుండలేదు. హౌరానుండి అరగంట ప్రయాణమే యైనను, కలకత్తా రొద యంతయు వెనుకనే నిలిచిపోవును. తూర్పున గంగయు, పడమట రైలుపట్టాలును, నడుమ గ్రాండ్ ట్రంకు రోడ్డును గల ఈ పట్టణము వేఱొక లోకమువలె తోచును.

మా మఱది లిలువా రైల్వే కర్మాగారమున ఉద్యోగి. ఉత్తరపాడాలో ఒక వృద్ధ ఉపాధ్యాయిని యింటి మేడమీది భాగమును అద్దెకు తీసికొని కాపురమున్నాడు. పాఠశాలలకు వేసవి సెలవులిచ్చిన పిదప మేము దంపతులము పోయి పదునేను దినములు అచట నుంటిమి. కాళీఘట్టము, దక్షిణేశ్వరము, బేలూరు మఠము చూచి రావలయునని బయలుదేరిన మాకు, వానితోపాటు ఒక పాత మోటారు కారు ఇంజనును విప్పి మరల కూర్చుటయు, అందులో ఒక చిన్న రాగిబిళ్ల చేయు పనియు చూచు యోగము కలిగినది. దేవాలయములను గుఱించి మన పత్రికలలో పెక్కుమంది వ్రాసియున్నారు. కావున ఈ రెండవదానినే సోదరీమణులకు నివేదింపదలచితిమి.

ముందుగా ఊరిని గుఱించి రెండు మాటలు. ఉత్తరపాడా చిన్న పట్టణమే యైనను చదువునకు పెట్టినది పేరు. గంగయొడ్డున తెల్లని స్తంభములతో నున్న జయకృష్ణ గ్రంథాలయమును జయకృష్ణ ముఖోపాధ్యాయుడను భూస్వామి 1859లో నెలకొల్పెను. పేద గొప్ప భేదము లేక ఎల్లవారికిని తలుపులు తెఱచిన గ్రంథాలయము మన దేశమున ఆ కాలమునాటికి అరుదు. వంగకవి మైకేల్ మధుసూదన దత్తు తన తుదిదినములలో కొంతకాలము ఈ భవనముననే తలదాచుకొనెను. అలీపూరు చెఱనుండి విడుదలయైన శ్రీ అరవిందులు 1909 మే 30వ తేదీన ప్రసంగించినది ఈ యూరనే.

మనబోటి స్త్రీలు తలచుకొనవలసిన సంగతి మఱియొకటి కలదు. 1866 డిసెంబరులో ఆంగ్లవనిత మేరీ కార్పెంటరు ఇచటి బాలికాపాఠశాలను చూడవచ్చినపుడు ఈశ్వరచంద్ర విద్యాసాగరులు వెంట వచ్చిరి. తిరుగు ప్రయాణమున వారి బండి తలక్రిందులై విద్యాసాగరులు క్రింద పడిరి. లోపల తగిలిన ఆ దెబ్బ వారిని జీవితాంతము బాధించినది. కందుకూరి వీరేశలింగముగారిని దక్షిణదేశ విద్యాసాగరుడని పిలుచుకొను మనకు, బాలికల చదువు నిమిత్తము వచ్చి ఆ మహనీయుడు దెబ్బతిన్న త్రోవ ఇదియే యని విన్నంతనే మనస్సు బరువెక్కును.

ఇక కర్మాగారము. 1942లో బిర్లా కుటుంబమువారు గుజరాతు తీరమునందలి ఓఖా రేవున హిందూస్తాన్ మోటార్సు సంస్థను స్థాపించి, 1948లో దానిని ఇచటికి తరలించిరి. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును ఆధారము చేసికొని 1957 మొదలు ఇచట అంబాసిడరు కార్లు తయారైనవి. గుండ్రని మూపులతో, విశాలమైన వెనుక బల్లతో నుండు ఆ కారును ఎఱుగని తెలుగువారుండరు. కలెక్టరు వచ్చినను అదియే, పెండ్లికొడుకు వచ్చినను అదియే. 1980లో దానికి డీజిలు ఇంజను అమర్చిరి. మన దేశమున తయారైన మొదటి డీజిలు కారు అదియే. 2014 మే నెలలో కర్మాగారము పని నిలిపివేసినది. అంబాసిడరు అను పేరునుగూడ 2017లో 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థకు అమ్మివేసిరి. ఇపుడు స్టేషను దిగి పడమటి వైపు నడచినచో పొడవైన ప్రహరీయు, దానిమీద మొలచిన రావిమొక్కలును కానవచ్చును. వేకువ కూత విని వేలమంది పనివారు నడచిన త్రోవలో ఇపుడు సైకిలురిక్షాల గంటలు తప్ప వేఱు ధ్వని లేదు.

మా మఱది యింటి యజమానురాలి భర్త ఆ కర్మాగారమున కార్లను కూర్చు శాఖలో పనిచేసి కాలము చేసినవాడు. ఆమె బాలికాపాఠశాలలో ప్రధానోపాధ్యాయినిగా నుండి విశ్రాంతి పుచ్చుకొన్నది. ఎనుబదికి సమీపించిన వయస్సు. వీధిలోని వారందఱు ఆమెను మాసీమా అని పిలుతురు. వంగభాషలో మాసీమా యనగా తల్లి తోబుట్టువు. 1986లో దంపతు లిరువురును తమ జీతములు కూడబెట్టి ఒక తెల్లని డీజిలు అంబాసిడరును కొనిరట. భర్త కార్లు చేయుటయే గాని నడుపుట నేర్వలేదు. ఆమెయే నేర్చుకొని గ్రాండ్ ట్రంకు రోడ్డుమీద నడుపుచు పాఠశాలకు పోవుచుండగా, కొట్లలోని వారు త్రాసులు దించి చూచుచుండిరని నవ్వుచు మాతో చెప్పినది.

ఆ కారు ఆమెకు అలంకారము కాదు. ఆ వీధిలో రాత్రివేళ ఎవరికి ప్రాణముమీదికి వచ్చినను మొదట తట్టునది ఆమె తలుపే. పురుడు వచ్చినవారిని, ఉబ్బసము పొంగినవారిని, పాము కఱచిన తోటమాలిని ఆమె ఆసుపత్రికి చేర్చినది. కన్ను మందగించిన పిదప పొరుగున నున్న కుఱ్ఱవానికి నడపుట నేర్పి, తాను ప్రక్కన కూర్చుండి పోవుచున్నది. మేము పోయిన వేసవికి ముందటి చలికాలమున ఒకనాటి రాత్రి రెండుగంటల వేళ ప్రక్కయింటి కోడలికి నొప్పులు వచ్చినవి. కారు కదలలేదు. మీట నొక్కగా ఇంజను తిరుగునేగాని అంటుకొనదు. తెల్లని పొగ వచ్చును, ఆగును. ఇరువది నిమిషములు గడచిన పిమ్మట ఎవరో కూరగాయల వ్యానును పిలిచికొని వచ్చిరి. తల్లియు బిడ్డయు క్షేమముగా బయటపడిరి. కాని మాసీమాకు ఆ ఇరువది నిమిషములు మఱపునకు రాలేదు.

దూరదేశమున ఉద్యోగము చేయు ఆమె కుమారుడు పాతయినుమునకు అమ్మివేయుమని వ్రాసెను. పనివాడును మొగమాటము లేక, "ఇంజను పనికి అయ్యే డబ్బు బండి అమ్మినా రాదు మాసీమా" అని చెప్పెను. ఆమె మూడుదినములు ఆలోచించి, "బండి వెల నాకు తెలియును. ఆ రాత్రి వెల యెంత?" అని పని మొదలుపెట్టుమన్నది.

పనివాడు మన తెలుగువాడగుట మాకు మిక్కిలి సంతోషము కలిగించినది. ఖరగ్‌పూరు రైల్వే వర్కుషాపును ఆశ్రయించి తెలుగు కుటుంబములు వందలుగా ఆ యూర స్థిరపడినవి. ఇతని తాతయు శ్రీకాకుళము ప్రాంతమునుండి అట్లు పోయినవాడే. ఇతడు యౌవనమున ఉత్తరపాడాకు వచ్చి, అంబాసిడరు ఇంజనుల పని నేర్చి, గ్రాండ్ ట్రంకు రోడ్డు ప్రక్కన రేకుల పాకలో వర్కుషాపు పెట్టుకొన్నాడు. మా మాట వినగానే చేతులు తుడుచుకొని, ముక్కాలిపీట దులిపి, "కూర్చోండమ్మా! మన భాష విని ఎన్నాళ్ళయిందో" అన్నాడు. అది మొదలు రోజును ఉదయము గంటసేపు అచట కూర్చుండుట మాకు అలవాటైనది. అడిగిన ప్రతి ప్రశ్నకును అతడు విసుగు లేక సమాధానము చెప్పెను. అతనివలన మేము గ్రహించినది మనకు తెలిసిన మాటలలో వ్రాసెదము.

పెట్రోలు ఇంజనులో గాలియు నూనెయు కలిసియుండగా విద్యుత్తు రవ్వ దానిని వెలిగించును. డీజిలు ఇంజనులో రవ్వ లేదు. జర్మనీ దేశస్థుడు రుడాల్ఫ్ డీజిలు 1897లో ఆగ్స్‌బర్గు నగరమున నిరూపించిన పద్ధతి యేమనగా: గాలిని మిక్కిలి అదిమినచో అది తనంత తానే వేడెక్కును, ఆ వేడిలో నూనెను సన్నని తుంపరగా చల్లినచో తనంత తానే మండును. సైకిలుకు గాలికొట్టు పంపు అడుగు వేడెక్కుట మనము ఎఱిగినదే. అంబాసిడరు డీజిలు ఇంజనులో నాలుగు సిలిండర్లు. నాల్గింటి పరిమాణమును కలిసి 1489 ఘనసెంటీమీటర్లు. అందు 23 వంతుల గాలి 1 వంతు చోటిలోనికి అదుమబడును. అపుడా గాలి వేడిమి 500 డిగ్రీల సెంటీగ్రేడునకు పైబడును. సరిగా ఆ క్షణమున ఇంజెక్టరు అను పరికరము వాతావరణపు ఒత్తిడికి నూఱురెట్లు మించిన ఒత్తిడితో నూనెను చిమ్మును. ఇంజను చల్లగా నున్నపుడు గాలికి తోడుగా వేడి నిచ్చుటకు సిలిండరున కొకటి చొప్పున ఎఱ్ఱగా కాలు వేడిప్లగ్గులు నాలుగు కలవు.

ఇంజెక్టరు మన చూపుడువ్రేలికంటె కొంచెము లావును పొడవును గల ఉక్కు గొట్టము. ఇంజను తలకట్టులో, అనగా హెడ్డులో, ఒక గుంటలోనికి అది దిగును. రెండు నట్లు దానిని పైనుండి అదిమి పట్టును. ఉక్కు గొట్టమునకును ఇనుప గుంటకును నడుమ ఒక రాగి వాషరు ఉండును. దానికి తోడు నాజిలు మొనను మంట వేడినుండి కాపాడు మఱియొక పలుచని బిళ్ల. ఆ రాగి వాషరు పైసా బిళ్లంత కూడ లేదు. లోపల మండు వాయువు ఒక్కటియు బయటికి రాకుండ ఆపునది అదియే.

"రెండు గట్టి లోహాలు ఎంత నున్నగా తోమినా ఒకదానిమీద ఒకటి పూర్తిగా ఆనవమ్మా. కంటికి కనబడని ఎగుడు దిగుళ్ళుంటాయి. మధ్యలో మెత్తనిది ఒకటి కావాలి. అది నలిగి ఆ సందులన్నీ నింపుతుంది" అని పనివాడు చెప్పెను. కుడుములపాత్ర మూతచుట్టు తడిపిండి పూయు గృహిణికి ఈ మాట క్రొత్తది కాదు. ప్రెషరు కుక్కరు రబ్బరు గట్టిపడినచో ఆవిరి ప్రక్కనుండి బుసకొట్టి పప్పు ఉడకకపోవుటయు మన మెఱుగుదుము. అచట పప్పు ఉడకదు. ఇచట ఇంజను అంటుకొనదు. గాలి అదుమబడుచుండగా కొంత ప్రక్కదారిని పోయినచో చాలినంత వేడి పుట్టదు. వేసవిలో ఎట్లో నడచును. పుష్యమాసపు రాత్రి మొండికెత్తును. మాసీమా కారు చేసినది అదియే.

మేము చూచుచుండగా ఇంజనును గొలుసు కప్పీతో పైకెత్తి బల్లమీద పెట్టిరి. సిలిండర్లకు బోరు కొట్టించుట, క్రాంకును గ్రైండు చేయించుట, క్రొత్త పిస్టనులు, రింగులు, బేరింగులు వేయుట, వాల్వులకు ఇసుకపొడి లేహ్యము రాచి గంధము తీసినట్లు నూఱి కూర్చుండబెట్టుట మొదలైనవి పది దినముల పని. అందు చాలభాగము హౌరాలోని యంత్రశాలలలో జరిగినది గనుక మేము చూడలేదు. ఇంజెక్టర్లను తీయుట మాత్రము ఎదుటనే జరిగినది.

మూడవ ఇంజెక్టరు చుట్టు నల్లని కీలువంటి పొర పేరుకొనియుండెను. తప్పించుకొని వచ్చిన మంట అచట మసియై గడ్డకట్టినదట. మొదటిదియు, రెండవదియు, నాల్గవదియు చేతితో కదల్పగానే వచ్చినవి, మూడవది రాలేదు. అతడు సుత్తి పుచ్చుకొనలేదు. మసిని కరగించు నూనె పోసి రాత్రియంతయు ఉంచెను. మఱునాడు అటునిటు మెల్లగా త్రిప్పుచు, పాలపన్ను తీసినట్లు పైకి తీసెను. అడుగున వాషరు కానవచ్చినది. కొక్కెపు సూదితో దానిని పైకి లాగి, దీపము పెట్టి గుంటలోనికి చూచి, "అమ్మా, ఇటు చూడండి" అని పిలిచెను. గుంట అడుగున మఱియొక రాగివాషరు అతుకుకొని యుండెను!

పూర్వమెన్నడో వేఱొక వర్కుషాపువారు పాత వాషరును తీయక, దానిమీదనే క్రొత్తదానిని వేసి బిగించినారు. ఇంజెక్టరు ఉండవలసిన లోతునకు దిగలేదు. మొన పైకి లేచిపోయినది. పాతదాని గరుకు వీపుమీద క్రొత్తది ఆనలేదు. సన్నని నల్లని చారలు లోపలి అంచునుండి వెలుపలి అంచువఱకు ప్రాకియున్నవి. అవియే మంట నడచిన త్రోవలు. ఏండ్ల తరబడి ఆ మంట రాగినే కాక దాని క్రింది యినుమునుగూడ కొంచెము తినివేసినది. ఇంకను ఉపేక్షించినచో హెడ్డంతయు మార్చవలసి వచ్చెడిదట. కర్మాగారము మూతపడినందున మంచి హెడ్డు దొరకుటయే కష్టము. అదృష్టవశమున ఆ గుంట అడుగును పలుచగా చెక్కించిన చాలునని తేలినది. వాషరు వెల కొలది రూపాయలు. హెడ్డు వెల వేలు. ఒక సోమరి నిమిషము వీనిని ఒకదానితో నొకటి ముడిపెట్టినది.

క్రొత్త వాషర్ల కొఱకు పనివాడు కలకత్తా మల్లిక్‌బజారునకు పోవుచుండగా మావారును మేమును వెంట పోయితిమి. పార్కు వీధిని ఆచార్య జగదీశచంద్ర బోసు రోడ్డు కలియు చోటికి సమీపమున నున్న ఆ బజారు మోటారు బండ్ల పాతసామానులకు ప్రసిద్ధి. సందుల కిరువైపుల తలుపులు, దీపములు, చక్రములు, స్టీరింగులు తోరణములవలె వ్రేలాడుచుండును. మూతపడిన కర్మాగారము ముక్కలుముక్కలుగా ఇచట జీవించుచున్నదా యనిపించినది. బొజ్జమీద చేతులు పెట్టుకొని కూర్చున్న ఒక ముసలి వర్తకుడు మేము తెచ్చిన పాత వాషరును తాకి చూచి, లేవకయే వెనుక సొరుగునుండి ఒక పొట్లము తీసెను. మా పనివాడు వానిని గాజుపలకమీద పఱచి, దందము గలవానిని, అంచు నొక్కుకొన్నవానిని ఏరివేసి, కొలబద్దతో మందము చూచి నాలుగింటిని తీసికొనెను. నూనె తిరుగుదారి గొట్టములకు వేయు చిన్నవానిని వేఱుగా ఏరెను. మట్టెలు కొనుటకుగూడ మేమింత పరీక్ష చేసియుండము.

"పాత రాగివాషరును నిప్పులో ఎఱ్ఱగా కాల్చి నీటిలో ముంచినచో మరల మెత్తబడునందురే, క్రొత్తవి యేల?" అని మావారు అడిగిరి. పనివాడు తలయూచి, అది నిజమే యనెను. ఉక్కును కాల్చి నీటిలో ముంచిన గట్టిపడును; రాగి అట్లు కాదు, మెత్తబడును. కంసాలి దెబ్బకు గట్టిపడిన రేకును కాల్చి మరల సాగగొట్టుట ఈ సూత్రముననే. "మెత్తదనం తిరిగి వస్తుందయ్యా. పోయిన మందం రాదు, పడిన చార పోదు. దారిలో దొరకనప్పుడు కాల్చి వేసుకోవచ్చు. ఇంజనంతా విప్పి కట్టేటప్పుడు పాతది వేయడం అంటే పట్టుచీర నేసి నూలుదారంతో అంచు కుట్టినట్లే" అన్నాడు.

ఇంజెక్టర్లను బిగించుటకు ముందు ఒక్కొక్కదానిని చేతిపంపు పరికరమునకు తగిలించి పరీక్షించెను. మీట నొక్కగా మంచి నాజిలు కిరకిరమని మ్రోగుచు పొగమంచువంటి తుంపర చిమ్మి, చివర చుక్క రాల్పక ఆగును. చుక్క రాలినచో అది పనికిరాదు. ఈ ఇంజనులోని నాజిలులను పింటాక్స్ అందురు. వానికి ప్రధాన రంధ్రము గాక ప్రక్కన సన్నని తోడురంధ్రము కలదు. ఇంజను మెల్లగా తిరుగు ప్రారంభసమయమున నూనెలో కొంత ఆ రంధ్రమున పోయి వేడి యెక్కువగా నున్న చోట పడును. చలిలో వేగముగా అంటుకొనుటకే ఈ యేర్పాటు. మేము వంగి చూడబోగా అతడు గట్టిగా వారించెను. ఆ తుంపర చేతికి తగిలినచో చర్మమును చీల్చుకొని నెత్తుటిలోనికి పోవునట. పైకి సూదిపోటంత గాయమే కనబడినను వెంటనే వైద్యునికడకు పరుగెత్తవలయును. ఇండ్లలో డీజిలు పంపులు గలవా రీ మాట మనస్సున నుంచుకొందురు గాక.

తరువాతి పని అంతయు శుభ్రత. నాలుగు గుంటలను తుడిచి, గాలి ఊది, దీపము పెట్టి చూచి, ఒక్క మసిరేణువైనను లేదని నిశ్చయించుకొనెను. వాషరును సమముగా కూర్చుండబెట్టి, ఇంజెక్టరును నిలువుగా చేతితో దించెను. రెండు నట్లను వ్రేళ్లతో త్రిప్పి, పిమ్మట రెంచితో ఇటు కొంచెము అటు కొంచెముగా మార్చి మార్చి బిగించెను. ఒకవైపే బిగించినచో వాషరు ఒరిగి నలుగును. బలమున్నదిగదా యని మిక్కిలి బిగించినచో లోపలి నాజిలు వంకరపోవును. రెంచిమీద ఒత్తిడి కొలుచు ముల్లును చూచుచు అతడు ఆపినపుడు, పాకము తీగకు రాగానే పొయ్యి ఆర్చు చేయి మాకు జ్ఞప్తికి వచ్చినది.

అతడు పనిచేయుచుండగా మాసీమా ప్రక్కన కుర్చీలో కూర్చుండి, తీసివేసిన రెండు వాషర్లను అరచేత పెట్టుకొని చూచుచుండెను. ఆమెకు మేము కైక కథ చెప్పితిమి. యుద్ధమున దశరథుని రథపు ఇరుసు శీల ఊడిపోగా, కైక తన వ్రేలిని అందుంచి రథమును నిలిపెనని మన యిండ్లలో చెప్పుకొందురు. వాల్మీకి రామాయణమున ఈ వ్రేలి ముచ్చట లేదు. మూర్ఛిల్లిన భర్తను ఆమె రణభూమినుండి తప్పించి కాపాడెనని మాత్రమే కలదు. ఆమె విని, "రాజునకు రెండు వరము లిచ్చుట తోచినది. కాని యుద్ధమునకు ముందు శీల యేల చూచుకొనలేదని ఎవ్వరును అడుగలేదా?" అన్నది. ముప్పదియేండ్లు బాలికలకు పాఠము చెప్పిన నోరు అది.

ఇంజను కారులోనికి దిగిన దినమున పాకలో పదిమంది చేరిరి. అందు మువ్వురు మూతపడిన కర్మాగారపు పాతపనివారు. నూనె గొట్టములలో గాలి మిగిలినచో ఇంజను అంటుకొనదు గనుక, గొట్టముల నట్లు వదులుచేసి, నురుగుతో వచ్చు నూనె తేటపడువఱకు పోనిచ్చి, మరల బిగించిరి. మాసీమాయే తాళము త్రిప్పినది. వేడిప్లగ్గులు కాలువఱకు ఓపిక పట్టి మీట నొక్కినది. ఒక సిలిండరు పలికినది, రెండవది అందుకొన్నది, క్షణములో నాలుగును ఒక్కగొంతుకతో మ్రోగినవి. తెల్లని పొగ కొంచెము వచ్చి పలుచబడిపోయినది. పనివాడు సంతోషించుట ఆపి, ఒక్కొక్క ఇంజెక్టరు మొదట రెండు చుక్కలు నూనె వేసి వంగి చూచెను. వాయువు తప్పించుకొనుచున్నచో అచట బుడగలు లేచును. నాలుగు చోట్లను నూనె అద్దమువలె నిలిచియుండెను. అపుడుగాని అతడు నవ్వలేదు.

ఆ సాయంకాలము మమ్మందఱిని ఎక్కించుకొని మాసీమా దక్షిణేశ్వరమునకు తీసికొనిపోయినది. 1931లో కట్టిన బాలీ వంతెనమీదినుండి గంగయు, ఆవలి యొడ్డున రాణీ రాసమణి 1855లో ప్రతిష్ఠ చేయించిన కాళికాలయపు తొమ్మిది శిఖరములును కనుపించినవి. వంతెనమీద పోవుచుండగా కొందఱు యువకులు తమ క్రొత్త కార్లలోనుండి ఈ తెల్లని ముసలి కారునకు చేయి ఊపిరి. ఆమె వారిని గమనింపలేదు. చెవి యొగ్గి ఇంజను ధ్వనినే వినుచుండెను.

"ఇప్పుడు నడవడం గొప్ప కాదమ్మా, వేసవి కదా. చలికాలమే అసలు పరీక్ష" అని పనివాడు మాకు వీడ్కోలు చెప్పుచు అన్నాడు. తన కూలి పైకమునందు కొంత భాగమును పుష్యమాసము దాటినపిదపనే పుచ్చుకొందునని మాసీమాతో ఒడంబడిక చేసికొన్నాడట. అతని చేతిక్రింద ఇద్దఱు బాలురు పని నేర్చుచున్నారు. వారిలో నొకడు గుంటను తుడిచినపుడెల్ల దీపము పెట్టి రెండుమాఱులు చూచుట మేము కనిపెట్టితిమి.

కలకత్తాకు పోవు సోదరీమణులు బేలూరు మఠమువఱకు పోవుట కలదు. అచటినుండి రెండు స్టేషనులు ముందునకు పోయి, ఉత్తరపాడాలో దిగి, గంగయొడ్డున జయకృష్ణ గ్రంథాలయమును చూచి, మాపటివేళ నదిగాలికి కొంచెముసేపు కూర్చుండి రావలసినదని మా మనవి. గ్రాండ్ ట్రంకు రోడ్డు వెంబడి రేకుల పాకలలో పాత ఇంజనులు విప్పి కూర్చు పనివారు ఇంకను కనబడుదురు.

సంక్రాంతి పండుగనాటికి మా తోడికోడలు వ్రాసిన జాబు అందినది. ఆ చలికాలమున కారు అర్ధరాత్రివేళ రెండు పర్యాయములు ఆసుపత్రికి పోయివచ్చినదట. రెండు పర్యాయములును మొదటి మీటకే అంటుకొన్నదట. పనివాడు వచ్చి మిగిలిన పైకము పుచ్చుకొని పోయెనని జాబు చివర వ్రాసియున్నది.